కొంకి పురుగు, రెండు మందులు, చెప్పులు విడిచే రాయి

అగ్గిపెట్టెలో వచ్చేది

నా పని రోజూ పొద్దున అగ్గిపెట్టెలతో మొదలయ్యేది. ఆళ్ళగడ్డ ఆస్పత్రిలో ల్యాబు కిటికీ ముందు జనం వరసగా నిలబడి, పాత అగ్గిపెట్టెలోనో, విస్తరాకు ముక్కలోనో మడిచి తెచ్చినదాన్ని లోపలికి తోసేవాళ్ళు. మలం పరీక్ష. ఒక్కొక్కరికీ ఒక సీసా ఇచ్చే రోజులు కావవి. నేను పేరు రాసుకుని, పుల్లతో కొంచెం తీసి, అద్దం పలక మీద ఉప్పునీటి చుక్కలో కలిపి, పైన పలుచని అద్దం మూసి మైక్రోస్కోపు కింద పెట్టేవాణ్ణి. ఇంట్లో పొయ్యి ముట్టించడానికి మా ఆవిడ అగ్గిపెట్టె తీస్తే నాకు అన్నం సహించని రోజులు మొదట్లో చాలానే ఉన్నాయి. తర్వాత అలవాటైపోయింది.

ల్యాబు శిక్షణ ముగించి ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ఇప్పుడు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. ఆ కాలంలో ఎలా పని చేశారని అడుగుతారు. ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి చెప్పి వాళ్ళ కాలం పాడు చెయ్యను. కడుపులో పురుగుల మందుల గురించి చెబుతాను. డెబ్బైలలో ఆళ్ళగడ్డలోనూ, ఎనభైలలో నంద్యాలలోనూ నా కళ్ళు ఎక్కువగా చూసింది ఆ పురుగుల గుడ్లనే. ఏ మందు మంచిదో తేల్చాలని నేనూ మా డాక్టరూ ఎంతో పట్టుగా వెంటబడ్డాం. ఆ కథే ఇది.

పురుగు పట్టిన పుస్తకం

నేను బడిలో చదివింది పదకొండో తరగతి. ఆ మీద ల్యాబు శిక్షణ. మిగతా చదువంతా నంద్యాల గ్రంథాలయం పెట్టినదే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఎప్పుడూ గర్వమే.

ఆదివారం ఆళ్ళగడ్డలో బస్సెక్కి, సిరివెళ్ళ మీదుగా నంద్యాలలో దిగి, టీ కూడా తాగకుండా అక్కడికే పోయేవాణ్ణి. ఎవరో కాలం చేసిన డాక్టరు ఇంటివాళ్ళు ఆయన పుస్తకాలను గ్రంథాలయానికి ఇచ్చేశారు. అన్నీ లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు. నవలల కోసం వచ్చేవాళ్ళు ఆ బీరువా వైపు చూసేవాళ్ళు కాదు. నేను పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో వాక్యం ఒలిచి తినేవాణ్ణి. గ్రంథపాలకుడు మంచి హాస్యగాడు. ఉష్ణదేశపు రోగాల పుస్తకం అట్ట దులిపి నా ముందు పెట్టి, "పురుగుల పుస్తకానికే పురుగు పట్టింది సారూ. అది తినేలోపల బిరీన సదువు" అన్నాడు.

నేను నిజంగానే తొందరగా చదివాను. తొందరలో ఏం చేశానంటే, ప్రతి అధ్యాయంలో చికిత్స పేజీలు రెండేసి సార్లు చదివాను, నివారణ పేజీలు తిప్పేశాను. చెప్పులు వేసుకోవాలి, మరుగుదొడ్లు కట్టాలి అని ఉండేది వాటిలో. అది గోడ మీద రాసే మాటల్లాగా అనిపించేది. మందుల పేర్లు మాత్రం నోటికి వచ్చేశాయి.

అప్పట్లో మా చేతిలో ఉన్నవి కొద్ది మందులే. ఏలికపాములకు పిపరజీన్ తీపి మందు. అది పురుగును చంపదు, ఒళ్ళు తెలియకుండా చేస్తుంది, పేగు దాన్ని బయటికి తోసేస్తుంది. కొంకి పురుగుకు, అంటే హుక్‌వార్ముకు, మందులు రెండు రకాలు. ఒకటి టెట్రాక్లోరోఇథిలీన్ గుళికలు. చవక. పరగడుపున మింగాలి, మింగితే తల తిరుగుతుంది. రెండోది బెఫీనియం అనే పొడి. నీళ్ళలో కలుపుకుని తాగాలి. వేపాకు దాని ముందు బెల్లం. పైగా ఖరీదు. మా ఆస్పత్రికి ఎప్పుడో గాని వచ్చేది కాదు.

ఒక గుడ్డు దొరికితే ఆగకండి

అసలు కథకు ముందు చిన్న సంగతి ఒకటి. నేను చేరిన కొత్తలో ఉన్న పెద్ద డాక్టరు తొందర మనిషి. నేను పలక మీద వెతుకుతుంటే వెనకాల నిలబడి, "కొంకి పురుగు గుడ్డు కనబడిందా? చాలు, ఇంకొకటి తీయ్" అనేవాడు. చాలు అంటే నేనూ ఆపేసేవాణ్ణి.

శెనక్కాయల మిల్లులో మూటలు మోసే హమాలీ ఒకాయన అలాగే గుళికలు తీసుకుని పోయాడు. ఆ సాయంత్రమే ముఖం వేలాడేసుకుని వచ్చాడు. చేతిలో చెంబు. అందులో వాంతిలో పడిన ఏలికపాము, ఇంకా కదులుతూ ఉంది.

"ఏంది సారూ ఇది? నేను నా పాటికి మూటలు మోసుకుంటాండా. నిద్రపోతాండే పాముల్ని యానికి ల్యాపినావ్?" అన్నాడు.

ఆయన మాటలోనే రోగ విజ్ఞానం ఉంది. ఆ గుళికలు ఏలికపాములను చంపవు, రెచ్చగొడతాయి. రెచ్చిన పాము పైకీ వస్తుంది, పిత్తనాళంలోకీ దూరుతుంది, పేగుకూ అడ్డం పడుతుంది. కడుపులో రెండూ ఉంటే ముందు పిపరజీన్ ఇచ్చి పాములను పంపాలి, ఆ తర్వాతే కొంకి పురుగు జోలికి పోవాలి. ఆయన పలక ఇంకా కడగలేదు. మళ్ళీ పెట్టి కొంచెం పక్కకు జరిపాను. గరుకు గోడతో, గోధుమ రంగులో ఏలికపాము గుడ్లు అక్కడే ఉన్నాయి. అదృష్టం, ఆయనకు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఏ డాక్టరు చాలన్నా పలక మొత్తం చూడకుండా నేను కాగితం రాసివ్వలేదు. వెతికేది దొరకగానే కన్ను ఆగిపోతుంది. మన ఉద్యోగంలో ఉన్న పెద్ద ప్రమాదం అదే.

ఓబులమ్మ

తర్వాత వచ్చిన డాక్టరు రంగనాథం గారు. కోస్తా మనిషి, నెమ్మదస్తుడు. కారణం తెలిసేదాకా వదిలేవారు కాదు. ఆయన వచ్చిన ఏడాదే పుల్లమ్మ అనే ఆవిడ తన కోడలు ఓబులమ్మను తోడుకుని వచ్చింది. కేసీ కాలవ, అంటే కర్నూలు-కడప కాలవ, కింద ఒక చిన్న పల్లె వాళ్ళది. ఊళ్ళో సగం ఇళ్ళకు ఆకుతోటలే ఆధారం. ఆకుతోట అంటే తమలపాకు తోట. అవిసె చెట్లను వరసగా పెంచి, తీగను వాటి మీదికి పాకిస్తారు. లోపల ఎండ పొడ పడదు, నేల తడి ఆరదు. తోటను లక్ష్మీదేవి అంటారు. అందులోకి చెప్పులతో పోరు.

"ఏమైందమ్మా?" అని డాక్టరు గారు ఓబులమ్మను అడిగితే పుల్లమ్మే జవాబు చెప్పింది.

"ఏం జెప్పేది సారూ. పెండ్లినాడు నిగనిగలాడుతా ఉండె. ఇప్పుడు సూడు, సున్నం కొట్టిన గోడ మాదిరి ఐపోయింది. బిందె ఎత్తితే ఆయాసం. రెండుసార్లు కడుపు నిలిచి పాయ. పైగా మన్ను తింటాది."

ఓబులమ్మ తల దించుకుంది. "పొయ్యి గడ్డ మన్నే. వాన పడిన వాసనొస్తాది. నోరు ఊరుకోదు" అంది మెల్లగా.

"గాలి సోకింది అన్నారు. అహోబిలం పోయి నరసింహసామికి మొక్కుకోనొచ్చినాం. తాయెత్తు కట్టిచ్చినాం. ఈ ఆస్పత్రి మందుతో గూడా కుదరకుంటే దాన్ని పుట్టింటికి పంపిచ్చి, మావోనికి ఇంగొకదాన్ని సూసుకుంటాం. దాని ముందరే చెప్పినా సారూ, ఎనకాల చెప్పే అలవాటు నాకు ల్యా" అంది పుల్లమ్మ.

వేలు పొడిచి రక్తం తీశాను. చుక్క వేలి మీద నిలవలేదు, ఎర్రనీళ్ళలాగా జారింది. ఆ కాలంలో రక్తం బలాన్ని గాజుగొట్టంలో రంగు పోల్చి చూసేవాళ్ళం. పోల్చడానికి రంగే సరిగా రాలేదు. పలక మీద చూస్తే పలుచని పెంకులో నాలుగు ముక్కలుగా విడిన గుడ్లు, ఎటు చూసినా అవే. కొంకి పురుగు. పేగు గోడను కరిచిపట్టుకుని నెత్తురు తాగుతుంది. నెత్తురు తగ్గి మన్ను తినబుద్ధి కావడం కూడా దాని వల్లనే.

గుళికలు ఇచ్చాం. ఐరన్ మాత్రలు ఇచ్చాం. పంట చేతికొచ్చే వేళకు ఓబులమ్మ తనే బిందె ఎత్తుకుని తిరుగుతున్నదని తెలిసి సంతోషించాం. ఎండాకాలం దాటి మళ్ళీ కాలవకు నీళ్ళు వదిలాక చూస్తే మళ్ళీ సున్నం గోడ. పలక నిండా మళ్ళీ అవే గుడ్లు.

"గుళికలు సరిగా పనిచేయలేదు" అన్నారు డాక్టరు గారు.

నేను వెంటనే బెఫీనియం మీద చదివిందంతా అప్పజెప్పాను. ఆయన ఓపికగా విని, "సరే, పోల్చి చూద్దాం. ఆమె ఒక్కతే కాదు, ఆ ఆకుతోటల వాళ్ళందరిలో సగం మందికి అది, సగం మందికి ఇది. నువ్వు గుడ్లు లెక్కపెట్టు" అన్నారు. జిల్లా కేంద్రానికి రెండుసార్లు తనే పోయి పొడి తెచ్చారు. నాకైతే రెక్కలు వచ్చినట్టయింది. గ్రంథాలయంలో చదివే పుస్తకాల్లో ఏదో ఒకనాడు మా పోలిక కూడా ఒక వాక్యంగా చేరుతుందని ఊహించుకున్నాను.

పుల్లమ్మ పంపకం

ఒకరు విడిచి ఒకరికి గుళికలు, పొడి ఇచ్చాం. ఇంటికి పోయి పొద్దున్నే పరగడుపున తీసుకోమని చెప్పాం. తర్వాత పరీక్ష చేస్తే ఏ పక్కా నెగ్గలేదు. రెండు మందులూ సగం సగం పనిచేసినట్టున్నాయి. అటువంటి ఫలితం ఏ పుస్తకంలోనూ లేదు. సంగతేమిటో తెలుసుకుందామని పుల్లమ్మ ఇంటికి పోయాను.

"అమ్మా, మీ ఇంట్లో గుళికలు ఎవరు మింగినారు, పొడి ఎవరు తాగినారు?"

"అందరం మింగినాం, అందరం తాగినాం."

"అదెట్లా? ఓబులమ్మకు పొడి కదా ఇచ్చింది?"

పుల్లమ్మ నన్ను తెలివిలేనివాణ్ణి చూసినట్టు చూసింది. "ఒకే కొంపలో ఆడబిడ్డకు ఒక మందు, కోడలికి ఒక మందా? దానికి మంచిది ఇచ్చినారు, నాకు పనికిమాలింది ఇచ్చినారు అని కొట్లాట గాదా? అందుకని అన్నీ ఒక్కతాన పోసి సమానంగా పంచినా. మా ఇంట్లోనే గాదు, ఊరంతా అట్లనే పంచుకున్న్యారు. నేనే చెప్పినా."

చెబితే రంగనాథం గారు ముందు తల పట్టుకున్నారు. తర్వాత పెద్దగా నవ్వారు. "ఆమె న్యాయంగా పంచింది. ఒక ఇంటికి రెండు మందులు ఇవ్వడమే మన తెలివితక్కువ" అన్నారు. రెండు మందులు కలిపి వేసుకున్నందుకు ఎవరికీ ఏమీ కాకపోవడం ఆ ఊరి పుణ్యం. ప్రయోగం కాగితం మీద చక్కగా ఉంటుంది. మందు ఇంటికి పోగానే ఆ ఇంటి ధర్మం దానికి వర్తిస్తుంది. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి.

రెండోసారి ఇల్లు ఇల్లంతటికీ ఒకే మందు అన్నాం. పొద్దున్నే బడి అరుగు మీద కూర్చోబెట్టి మా కళ్ళముందే వేయించాం. గుళికలు మింగిన మగవాళ్ళకు కాసేపు తల తిరిగింది. ఓబులమ్మ మొగుడు సుబ్బరాయుడు స్తంభం పట్టుకుని ఊగుతూ, "సారూ, ఈ మందు వారం వారం ఇయ్యి. సారాయి దుడ్లు మిగుల్తాయి" అన్నాడు. పొడి తాగిన ఇళ్ళ ఆడవాళ్ళు మమ్మల్ని, మా పుస్తకాలను కలిపి తిట్టారు. కొందరు కక్కేశారు.

ఈసారి రెండు పక్కలా గుడ్లు బాగా తగ్గాయి. పొడి కొంచెం మెరుగు అనిపించింది. కక్కినవాళ్ళను ఎటు లెక్కెయ్యాలో తెలియక నేనూ డాక్టరూ వాదించుకున్నాం కూడా. కాలవకు మళ్ళీ నీళ్ళొచ్చాయి. కొన్ని నెలలు పోయాక అందరినీ మళ్ళీ పరీక్ష చేశాం. గుళికల ఇల్లు ఏదో, పొడి ఇల్లు ఏదో పలకలు చూసి చెప్పలేకపోయాం. అన్నిట్లోనూ మునుపటిలాగే గుడ్లు. మేము అంత వాదించుకున్న తేడా ఆ తడి నేలలో ఇంకిపోయింది.

మందు ఇవ్వరాని మనిషి

ఆ పరీక్షకే వచ్చిన ఓబులమ్మ, అత్త అటు తిరిగినప్పుడు, "సారూ, నెల తప్పింది" అంది.

ముఖంలో సంతోషం లేదు, భయం ఉంది. అంతకు ముందు రెండు కడుపులు మధ్యలోనే పోయాయి. రక్తం చూశాను. పల్లానికి దిగుతున్న నీళ్ళలాగా మళ్ళీ దిగుతూ ఉంది.

డాక్టరు గారు నాతో తలుపు వేసి మాట్లాడారు. "ఇప్పుడు గుళికలూ ఇవ్వలేను, పొడీ ఇవ్వలేను. కడుపులో బిడ్డకు మంచిది కాదు. ఐరన్ ఇస్తాను. పురుగులు ఇంకా ఇంకా చేరుతుంటే అది చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. ఇదే రక్తంతో కాన్పుకు పోతే కొంచెం నెత్తురు పోయినా తల్లి దక్కదు."

మా రెండు మందుల పోలిక అంతా అక్కడ పనికిరాకుండా పోయింది. ఏది మంచిదైతేనేం, ఆమెకు ఏదీ ఇవ్వలేం. ఇక మిగిలిన దారి ఒక్కటే, కొత్త పురుగు ఎక్కకుండా చూడటం. తోటకు పంపవద్దని డాక్టరు గారు పుల్లమ్మకు చెప్పారు.

"ఆకు కోసేది ఆడోళ్ళే గదా సారూ. తోటకు పోకుంటే కూడెట్ల? పోనీ పంపను. చెంబు తీస్కోని పోయేదానికైనా ఆ కాలవ ఒడ్డు తప్ప మా ఊరి ఆడోళ్ళకు మరుగు యాడుంది?"

రాయి

మరునాడు ఇద్దరం ఆ ఊరికి పోయాం. అంతకు ముందు ఎన్నోసార్లు పోయిన దారే. ఊరి చివర కాలవ ఒడ్డున పసుపు పూసిన రాయి ఒకటి ఉంటుంది. దాని దగ్గర చెప్పులు విడిచి, అక్కడి నుంచి ఒట్టికాళ్ళతో తోటకు పోవాలి. మేమూ ప్రతిసారీ అక్కడే విడిచేవాళ్ళం. నేను పుట్టింది ఈ సీమలోనే, నాకెవరూ చెప్పనక్కరలేదు. డాక్టరు గారు నన్ను చూసి విడిచేవారు.

ఆ రోజు ఆయన బూటు లేసు ముడి పడి ఊడలేదు. వంగి విప్పుకుంటూ ఉన్నారు. ఈలోగా ఇద్దరు ఆడవాళ్ళు చెంబులతో కంపచాటు నుంచి లేచి, మమ్మల్ని చూసి ముఖం తిప్పుకుని గబగబా పోయారు. ఒట్టికాళ్ళు. రాయి దాటి ఉన్నారు కాబట్టి ఒట్టికాళ్ళు. రాయికీ తోట తడికకూ నడుమ ఉన్న నేల పొడుగునా అదే మరుగు. కాలవ ఊటతో మెత్తగా, చల్లగా, కంప నీడలో ఉంది. తోటలోకి పోయేవాళ్ళందరూ దాని మీదుగానే నడవాలి.

డాక్టరు గారు లేసు మళ్ళీ కట్టుకున్నారు. "మనం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా చెప్పుల్లేకుండా నడుస్తున్నామయ్యా?" అన్నారు.

నేను తిప్పేసిన నివారణ పేజీ కళ్ళముందు కనబడింది. గుడ్డు తడి మట్టిలో పొదిగి, సన్నని పిల్ల పురుగై, ఒట్టి పాదం తగలగానే వేళ్ళ సందుల్లోంచి లోపలికి దూరుతుంది. ఆ పురుగు లోపలికి వచ్చే దారి నాకు ముందే తెలుసు. తెలిసి కూడా ఆ మట్టి మీద ఎన్నిసార్లు నడిచానో. ఒకసారి ఆ ఊరినుంచి వచ్చాక వేళ్ళ సందులు దురద పెడితే కొబ్బరినూనె రాసుకుని ఊరుకున్నాను.

రెండు డబ్బాల్లో మట్టి తెచ్చాను, దారిలోది ఒకటి, తోటలోది ఒకటి. మట్టిని పలుచటి గుడ్డలో మూటకట్టి, గరాటాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, మూట అందులో మునిగేట్టు పెడితే పురుగులు వెచ్చదనానికి బయటపడి అడుక్కు దిగుతాయి. గరాటా కింద రబ్బరు గొట్టం, దానికొక క్లిప్పు. ఆ పద్ధతి నంద్యాల పుస్తకంలోదే. మరునాటికి దారి మట్టి నీళ్ళలో ఒక్కో చుక్కలోనూ సన్నని పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. తోట మట్టిలో ఎక్కడో ఒకటి. మట్టిలోనే పుట్టి మట్టిలోనే బతికే వేరే పురుగులు కూడా కొంచెం అలాగే ఉంటాయి. అన్నీ కొంకి పురుగులే అని నేను ప్రమాణం చేయలేనని డాక్టరు గారితో చెప్పాను. "చాలామటుకు అవే అని చెబుదాం. అబద్ధం కాదు" అన్నారు.

పుల్లమ్మను పిలిపించి మైక్రోస్కోపులో చూపించాం. ఒక కన్ను మూయడం ఆమెకు చేతకాలేదు. కొంగుతో మూసుకుని చూసింది.

"ఇవి బతికుండాయా?"

"బతికే ఉన్నాయమ్మా."

"ఇది నా కోడలి కాల్లోంచి దూరేదా?"

"చాలామటుకు అవే" అన్నారు డాక్టరు గారు.

"తోట లోపలా, బయటా?"

"లోపల తక్కువ. దారిలోనే ఎక్కువ. తోటలోకి చెప్పులు వద్దులే అమ్మా. ఆ దారి వరకైనా..."

పుల్లమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు సారూ. నేను కాపురానికి వచ్చినప్పుడు తోట ఆ రాయి దాకా ఉండె. ముందర చెట్లు కుళ్ళి పాయ, తోట ఎనక్కి జరిగె. రాయి మాత్రం ఆడనే నిలబడిపాయ. ఖాళీ పడినాక ఆడోళ్ళు ఆడికి పోబట్టిరి. లచ్చిందేవి యాడుంది? తోటలో ఉంది. మేమేమో దొడ్డికి పొయ్యే తావులో చెప్పులిడిచి దండం పెడతాండాం!"

నేను, డాక్టరు గారు ముఖాలు చూసుకున్నాం. మాకు ఆ సంగతి తెలిసే వీలే లేదు. ఊళ్ళో తెలిసినవాళ్ళకు పురుగు సంగతి తెలియదు. ఆ గదిలో రెండూ కలిశాయి.

రాయి జరపడానికి పుల్లమ్మ శుక్రవారం పెట్టింది. డాక్టరు గారికి ఆ రోజు ఆపరేషన్ ఉండి నేనొక్కడినే పోయాను. ఊరు ఊరంతా అక్కడే ఉంది. సుబ్బరాయుడికి ఇష్టం లేదు. "పెద్దలు పెట్టిన రాయిమ్మా. ఏమన్నా ఐతే?" అన్నాడు.

"పెద్దలు తోటకు పెట్టినారు, పెంటకు పెట్టల్యా" అని పుల్లమ్మ గడ్డపార అందుకుంది. రాయి ఊడాక పసుపునీళ్ళతో కడిగి, బిడ్డను ఎత్తుకున్నట్టు చంకన ఎత్తుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"సారూ, నువ్వు చెప్పులేసుకోని ముందర నడువు."

"నేనా? నేనెందుకు?"

"చెప్పింది నువ్వు గదా? అమ్మకు కోపమొస్తే ముందు నీమీదికి రానీ. నాకు మనవడో మనవరాలో రావాల్సి ఉంది."

జనమంతా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పుట్టిన దగ్గర నుంచి ఒట్టికాళ్ళతో నడిచిన చోట చెప్పులేసుకుని నడవడం చదివినంత తేలిక కాదు. అయినా నడిచాను. వెనకాల రాయితో పుల్లమ్మ, ఆమె వెనకాల ఓబులమ్మ. ఓబులమ్మ కాళ్ళకు ఆళ్ళగడ్డ సంతలో కొన్న కొత్త టైరు చెప్పులు. అవి టపటపమంటుంటే ఆమె సిగ్గుపడుతూ అడుగు వేసింది. తడిక దగ్గర రాయి నాటి, చెప్పులు అక్కడ విడిచి, అందరం ఒట్టికాళ్ళతో తోటలోకి పోయాం.

ఓబులమ్మ రక్తం మెల్లగా పైకి వచ్చింది. నెలనెలా గాజుగొట్టంలో రంగు చిక్కబడుతుంటే నేను రెండుసార్లు చూసుకునేవాణ్ణి, ఆశతో తప్పు చూస్తున్నానేమోనని. కాన్పు మా ఆస్పత్రిలోనే అయింది. ఆడపిల్ల. తల్లి కూడా దక్కింది. పుల్లమ్మ వచ్చి తమలపాకుల కట్ట నా బల్ల మీద పెట్టి, "ఇంగ ఇంగొకదాన్ని సూసే పని ల్యా" అని మాత్రం అంది.

ఇది రాయి మహిమే అని నేను వాదించను. ఆ నెలల్లో ఓబులమ్మ ఐరన్ మాత్రలు మానలేదు. రాగి సంకటి, బెల్లం అత్త దగ్గరుండి తినిపించింది. మన్ను తినడం మానిపించింది. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పాలంటే ఇంకొక ఓబులమ్మను చెప్పుల్లేకుండా నడిపించి చూడాలి. అది ఎవరు చేస్తారు?

ఒక్క మాత్ర

నంద్యాలకు బదిలీ అయ్యేనాటికి మెబెండజోల్ వచ్చింది. ఆ తర్వాత ఆల్బెండజోల్. పరగడుపు పనిలేదు, తల తిరగదు, చేదు లేదు, కొంకి పురుగుకూ ఏలికపాముకూ ఒక్క మాత్ర. ఆ హమాలీ ఇప్పుడు వచ్చి ఉంటే ఏ పామూ లేచేది కాదు. నేను పాత మందులను పొగిడే ముసలివాణ్ణి కాను. కొత్తవి మంచివి, చాలా మంచివి.

నంద్యాలలో కొత్తగా చేరిన డాక్టరమ్మ ఒకసారి అడిగింది. "మీరు ఇన్ని మందులు చూశారు కదా, అన్నిట్లో ఏది గొప్పదంటారు?" పుస్తకాల్లో చదివినదీ పలక మీద చూసినదీ వరసగా చెప్పాను. చివర, రోగి మళ్ళీ వస్తే మందు మార్చే ముందు ఒకసారి అతని వెంట ఊరికి పోయి రమ్మన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. తర్వాత ఒకరోజు ఒక రోగి ఊరికని జీపు ఎక్కుతూ, "ఊరికే, మీరు చెప్పారని" అంది. మీకూ అదే చెబుతున్నాను. చికిత్స పేజీలు చదవండి. తర్వాత పేజీ కూడా తిప్పెయ్యకండి.

ఎనభైల చివర్లో అహోబిలం పోయి వస్తూ, ఎందుకో ఆ పల్లె దగ్గర బస్సు దిగాను. పుల్లమ్మ పోయిందని ఊళ్ళో చెప్పారు. ఓబులమ్మ తోటలో ఉందన్నారు. కాలవ ఒడ్డు వెంట నడిచాను. ఎదురుగా అవిసె చెట్లు, వాటి మీద నిగనిగలాడే ఆకు. ఏదో ఆలోచనలో ఉన్నాను. కాళ్ళు వాటంతట అవే ఆగాయి, చెప్పులు విడిచాను.

తడిక దగ్గర నుంచి ఒక ఆడమనిషి గట్టిగా అరిచింది. తల మీద ఆకుల గంప, పక్కన ఎదిగిన కూతురు. కాళ్ళ దగ్గర పసుపు రాయి.

"ఏంది సారూ, ఆడ ఇడుస్తాండావ్? ఆడ గాదు! చెప్పులేసుకోని ఈడికి రా!"